నోటు కింది నోటు

పుస్తకాల్లో పేజీ అడుగున గీత గీసి సన్నక్షరాల్లో వేసే ఫుట్‌నోట్లని నేను ఏనాడూ చదివిన పాపాన పోలేదు. బి.ఏ.లో చరిత్ర పుస్తకం నిండా అవే. కథ మంచి పట్టులో ఉండగా ఓ మాట నెత్తిన చీమంత అంకె కనిపించేది. దాన్ని పట్టుకుని కిందికి దిగితే అక్కడ ఏ ఇంగ్లీషు దొరవారి గ్రంథం పేరో, ఎన్నో పేజీయో ఉండేది. మళ్ళీ పైకి ఎక్కేసరికి ఎక్కడ వదిలామో గుర్తుండదు. నవలలు రాయడం మొదలుపెట్టాక, ఒక్క ఫుట్‌నోటైనా లేకుండా మూడువందల పేజీలు నడిపించగలనని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది నాకు.

అలాంటిదాన్ని, కిందటి వేసవి అంతా ఒకే ఒక్క ఫుట్‌నోటుతో కుస్తీ పట్టాను. అదీ మామూలు ఫుట్‌నోటు కాదు. ఫుట్‌నోటుకి ఫుట్‌నోటు.

తెలుగులో దీనికి అధోజ్ఞాపిక అని చక్కటి మాట ఉంది. కానీ 'అధోజ్ఞాపికకి అధోజ్ఞాపిక' అని రెండుసార్లు గబగబా అని చూడండి, నేను ఫుట్‌నోటనే ఎందుకంటున్నానో మీకే తెలుస్తుంది.

దీనికంతకీ కారకులు మా నాన్నగారు. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఏ మాట చెప్పినా దానికి ఆధారం చూపించకపోతే ఆయనకి తోచేది కాదు. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఇన్‌లాండ్ కవర్లు రాసేవారు. "మామిడిచెట్టు ఈ ఏడు బాగా కాసింది" అని రాసి, పక్కన చుక్క గుర్తు పెట్టి, అడుగున మళ్ళీ అదే గుర్తు పెట్టి, "కిందటేడు 212 కాయలు, ఈ ఏడు ఇప్పటికి 340" అని రాసేవారు. అంటించే ముందు ఆ ఉత్తరం అమ్మ చేతికి వెళ్ళేది. మడత మీద మిగిలిన బెత్తెడు జాగా అమ్మది. అక్కడ పెన్సిలుతో, "340లో సగం కోతులు తిన్నాయి. నువ్వు వేళకి తిను" అని ఉండేది.

అంటే మా ఇంట్లో నోటు కింద నోటు పాత అలవాటే. నేనే గుర్తించలేదు.

నాన్నగారు పోయి మూడేళ్ళు. ఆయన బల్ల సొరుగులో మూడు లాంగ్ నోటుబుక్కులు దొరికాయి. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన గురించి ఆయన రాసుకున్నవి. మా ఊరు అవనిగడ్డకి దగ్గర. ఆ ఉప్పెన సంగతి మా జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, తెలియని చిన్నవాళ్ళ కోసం ఒక్క మాట. ఆ శనివారం తుపాను తీరం దాటినప్పుడు సముద్రం మూడు నిలువుల ఎత్తున లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరగ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్ళు పదివేల మంది దాకా అని ప్రభుత్వం లెక్క. అక్కడివాళ్ళ లెక్క ఇంకా ఎక్కువ.

మా ఇల్లు సముద్రానికి ఎడంగా ఉంది గనక, గోడలు గట్టివి గనక నిలబడింది. సావిట్లోకి నడుములోతు నీళ్ళొచ్చాయట. అందరూ వడ్ల బస్తాలు దాచుకునే పెద్ద అటక ఎక్కారు. అప్పటికి అక్కకి మూడేళ్ళు. నేను అమ్మ కడుపులో ఐదో నెల.

"ఆ రాత్రి అటక మీద పదకొండు మందిమి ఉన్నాం" అని రాశారు నాన్నగారు. రాసి, పదకొండు దగ్గర అలవాటు ప్రకారం అంకె వేసి, అడుగున పదకొండు మంది పేర్లూ, వయసులూ, ఎవరెవరు ఏమవుతారో, ఎవరు ఏ మూల కూర్చున్నారో సహా ఇరవై పంక్తుల నోటు రాశారు. నన్ను లెక్కలో వెయ్యలేదు. దానికి నాకేమీ అభ్యంతరం లేదు లెండి.

ఆ నోటులోనే రెండుచోట్ల పెన్సిలుతో ఇంటూ గుర్తులున్నాయి. పక్కన మార్జిన్లో అమ్మ దస్తూరీ. మొదటిది: "పదకొండు కాదు, పన్నెండు. నీళ్ళలో కొట్టుకుంటూ వచ్చి మన సావిడి స్తంభం పట్టుకున్న మనిషిని మరిచారు. తెల్లారకుండానే పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ కనపడలేదు." నాన్నగారు నోటు చివర "దీపం తెల్లవార్లూ ఆరలేదు" అని రాసినచోట రెండోది: "ఆరకుండా కొంగు అడ్డం పెట్టుక్కూచున్నది ఆమే."

ఆమె పేరు కూడా రాసింది అమ్మ. నేనిక్కడ రాయను. వాళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళని అడగాలి.

నలభై ఏళ్ళు దాటినదాన్ని, ఉప్పెన కథ ఎన్నోసార్లు విన్నదాన్ని, ఈ పన్నెండో మనిషి సంగతి నాకు అంతవరకూ తెలియదు. "ఎప్పుడూ చెప్పలేదేమమ్మా?" అంటే, "కథ చెప్పేది మీ నాన్న కదే. నేను దిద్దుతాను అంతే" అంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

సరే, పుస్తకం వేయించాలనుకున్నాం. పెద్ద అచ్చేం కాదు, మూడువందల ప్రతులు. చుట్టాలకీ, ఊళ్ళోవాళ్ళకీ, లైబ్రరీలకీ.

మొదట మా వీధి చివర డి.టి.పి. సెంటరుకి తీసికెళ్ళాను. అక్కడి కుర్రాడు తెలుగు మహా జోరుగా కొడతాడు. అతను వాడే పేజ్‌మేకర్లో ఫుట్‌నోటు దానంతట అది రాదు. గీత గీసి, అడుగున విడిగా పెట్టె వేసి, చేత్తో అమర్చుకోవాలి. పైన ఒక్క పంక్తి పెరిగిందంటే కిందవన్నీ మళ్ళీ జరుపుకోవాలి. పాపం, దానికీ ఒప్పుకున్నాడు. నోటుకి నోటు దగ్గర మాత్రం తలెత్తి నా మొహం చూశాడు. "మేడమ్, అంత కిందికి ఎవరు చూస్తారండీ? బ్రాకెట్లో పెట్టేద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి నా కంప్యూటర్లో నేనే ప్రయత్నించాను. నేను నవలలు కొట్టుకునే ప్రోగ్రాములో మామూలు ఫుట్‌నోటు దివ్యంగా వస్తుంది. ఆ నోటులోకి దిగి మళ్ళీ ఇంకో నోటు అడిగితే మాత్రం, ఆ మీట వెలిసిపోయి, నొక్కినా ఉలకదు పలకదు.

ఆఖరికి బ్రాకెట్టే పెట్టి చూశాను. "అటక మీద ఉన్నవారు పదకొండుగురు (పదకొండు కాదు, పన్నెండు)..." అని వచ్చింది. చదివితే ఎలా ఉందంటే, నాన్నగారే ఒకమాట అని, నాలిక కరుచుకుని, తనే దిద్దుకున్నట్టుంది. అమ్మ ఎక్కడా లేదు. ఆ సావిడి స్తంభం దగ్గర ఆ మనిషిని చూసిన కళ్ళు ఎవరివో తెలియకుండా పోయాయి. కావాలంటే '- అమ్మ' అని సంతకం పెట్టొచ్చు, కానీ అప్పుడు ఆవిడ ఆయన మాట మధ్యలో అడ్డం పడ్డట్టవుతుంది. అమ్మ జన్మలో నాన్నగారి మాటకి అడ్డం పడలేదు. పూర్తయ్యేదాకా ఆగి, కింద అనేది.

అప్పుడు గుర్తొచ్చింది, మా కాలేజీలో సంస్కృతం మాస్టారు చూపించిన లావుపాటి మహాభాష్యం. పాణిని సూత్రాలకి పతంజలి భాష్యం రాశాడు. ఆ భాష్యానికి కైయటుడు ప్రదీపమని వ్యాఖ్య రాశాడు. ఆ ప్రదీపానికి నాగేశభట్టు ఉద్ద్యోతమని ఇంకో వ్యాఖ్య రాశాడు. దీపం వెలిగించాడొకడు, ఒత్తి ఎగదోశాడు ఇంకొకడు. బొంబాయి నిర్ణయసాగర్ ప్రెస్సువాళ్ళు మూడింటినీ కలిపి అచ్చువేశారు, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి. అంటే ఇది జరగని పనేం కాదు. ఎవరో చేశారు. చేసినవాళ్ళకి కరెంటు దీపమైనా ఉందో లేదో.

ఈ మాటే ఫోన్లో మా అక్క కొడుకుతో అన్నాను. వాడు లెక్కల్లో పరిశోధన చేస్తున్నాడు. "పిన్నీ, నీకు టెక్ నేర్పిస్తాను, అందులో రానిదంటూ ఉండదు" అన్నాడు. కుర్రవాళ్ళు ఇలాంటి హామీలు మా చెడ్డ ధీమాగా ఇస్తారు.

ఈ టెక్ పుట్టిన కథ చెప్పి నన్ను బుట్టలో వేశాడు నిజానికి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ కనూత్ అనే ఆచార్యుడున్నాడు. ఆయన పెద్ద గ్రంథం రెండో సంపుటం మళ్ళీ అచ్చవుతుంటే, 1977లో ప్రూఫులొచ్చాయి. అప్పటికి సీసపు అక్షరాలు పోయి ఫోటో పద్ధతి వచ్చింది. ఆ కొత్త అక్షరాల తీరు చూసి ఆయన మనసు విరిగిపోయింది. ఇంత కష్టపడి రాసింది ఇంత వికారంగా అచ్చు కావడమా అని, పుస్తకం పక్కనపెట్టి, అక్షరాలు పేర్చే ప్రోగ్రాము తనే రాయడానికి కూచున్నాడు. ఏడాదిలో తేలిపోతుందనుకున్న పని పదేళ్ళ పైచిలుకు పట్టింది. తరవాత 1980లలో లెస్లీ లాంపోర్ట్ అనే ఆయన దాన్ని మామూలువాళ్ళకి అందేలా చేసి లాటెక్ అన్నాడు. 2004లో జొనాథన్ క్యూ చేసిన జీటెక్‌తో మన యూనికోడ్ అక్షరాలకీ దారి సుగమమైంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు చేసిన పోతన ఫాంటు పెట్టుకుంటే తెలుగు ముత్యాల్లా వస్తుంది.

1977 అనగానే నాకు మా అటక గుర్తొచ్చింది. ప్రూఫు చూసి ప్రాణం ఒప్పక తిరగబడిన మనిషి మీద ఎంత గౌరవం కలిగిందో, రచయితలైనవాళ్ళు ఎవరైనా ఊహించుకోగలరు.

గౌరవం సరే, అది మాట్లాడే భాష వేరు. తెర మీద పేజీ కనపడదు. వెనక్కి వాలిన గీత, దాని పక్కన ఆజ్ఞ, ఫ్లవర్ బ్రాకెట్లో మన మాట. అన్నీ రాసి వండమంటే పేజీ వండి పెడుతుంది. తెరిచిన బ్రాకెట్టు మూయడం మరిచామా, ఇక చూడండి. మొదటిరోజు ఒక నోటు చివర నేను బ్రాకెట్టు మూయలేదు. అది అక్కణ్ణించి పుస్తకం ఆఖరుదాకా ఉన్నదంతా ఆ నోటులోదే అనుకుని మింగేసి, 'రనవే ఆర్గ్యుమెంట్?' అని నన్నే ప్రశ్న వేసింది. వాదన పారిపోయిందట! మా ఇంట్లో ఏ వాదనా అలా పారిపోయిన దాఖలా లేదు. పేజీ సరిగ్గా నిండకపోతే 'బ్యాడ్‌నెస్ 10000' అంటుంది. అంతకు మించిన చెడ్డతనం దాని లెక్కలో లేదట. మా అత్తగారు కూడా నాకు ఇంత పెద్ద మార్కు ఎప్పుడూ వెయ్యలేదు.

వారం తిరిగేసరికి చెయ్యి కుదిరింది. నాన్నగారి నోటు రాసి, దాని కడుపులో అమ్మ నోట్లు రెండూ పెట్టి, వండమన్నాను. ఒక్క తప్పూ చెప్పలేదు. పేజీ వచ్చింది. నాన్నగారి నోటు 7. అందులో అమ్మ మాటలకి 8, 9 అంకెలు చక్కగా పడ్డాయి. సంబరపడిపోయి, కాగితం తీసి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క పంక్తే చదివింది. పేజీ అడుగుదాకా వెళ్ళింది. మళ్ళీ పైకొచ్చింది. "ఎనిమిది అని ఉందే. ఎనిమిది ఎక్కడ?" అంది.

చూద్దును కదా, లేదు. 8 లేదు, 9 లేదు. అంకెలున్నాయి, మాటలు లేవు. బ్రాకెట్టు మరిచినందుకు అంత రాద్ధాంతం చేసిన ప్రోగ్రాము, ఖాళీ పేజీకి పదివేల మార్కులు వేసే ప్రోగ్రాము, ఒక మనిషి మాట రెండుచోట్ల నిలువునా మాయమైతే కిక్కురుమనలేదు.

"పోనీలే, అంకె అయినా వేశారు" అంది అమ్మ. హాస్యానికే అంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు అక్క కొడుకు ఫోన్లో వివరించాడు. నాకు అర్థమైన భాషలో చెబుతాను. టెక్ పేజీ పేర్చడం పంక్తి మీద పంక్తి పేర్చుకుంటూ పోవడం. ఒక పంక్తిలో నోటు అంకె తగిలిందనుకోండి, ఆ నోటుని మూటకట్టి, ఆ పంక్తికి తగిలిస్తుంది. పేజీ నిండాక, అందులో ఉన్న పంక్తులకి తగిలి ఉన్న మూటలన్నీ తీసి అడుగున విప్పుతుంది. పంక్తి ఈ పేజీలో ఉంటే మూట ఈ పేజీలోనే. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే మూటలో ఇంకో మూట ఉంటే? పైన పంక్తులకి తగిలినవే వెతుకుతుంది గానీ, అడుగున విప్పిన మూటలో మరో మూట ఉందా అని తడిమి చూడదు. లోపలి మూట లోపలే ఉండిపోతుంది. పారెయ్యదు, విప్పదు. తప్పు జరిగిందని దానికి తెలియను కూడా తెలియదు, అందుకే తప్పు చెప్పదు.

పెళ్ళివారింట్లో సామాను దించేటప్పుడు ఇలాంటివి మనకి తెలియనివా? పెట్టెలు లెక్క సరిపోతాయి. పెట్టెలో పెట్టిన డబ్బాలో పెట్టిన మంగళసూత్రం సంగతి, ముహూర్తానికి గానీ గుర్తు రాదు.

దీనికి పాతకాలం నుంచీ ఒక చిట్కా ఉంది. నోటు లోపల ఊరికే అంకె వెయ్యాలి, మాట పెట్టకూడదు. దానికి 'ఫుట్‌నోట్‌మార్క్' అని ఆజ్ఞ. నాన్నగారి నోటు బ్రాకెట్టు మూసేశాక, బయటికి వచ్చి, అమ్మ మాట విడిగా ఇవ్వాలి. దానికి 'ఫుట్‌నోట్‌టెక్స్ట్'. లోపలి మూటని బయటికి తీసి, అది కూడా పై పంక్తికే కట్టడమన్నమాట. కట్టాను. అమ్మ మాటలు రెండూ వచ్చాయి. రెండింటికీ 9 అనే పడింది.

ఇదేం చోద్యం? అడిగితే, దోషం దానిది కాదట. లోపల రెండు అంకెలు వేసేసరికి దాని లెక్క 9 దగ్గరికి వెళ్ళి నిలబడింది. బయట మాటలిచ్చేటప్పుడు అది అడిగేది 'ఇప్పుడు ఎంతలో ఉన్నాం?' అని. తొమ్మిదిలో ఉన్నాం. రెండిటికీ అదే చెబుతుంది. ఇది నీది ఎనిమిది, ఇది నీది తొమ్మిది అని మనమే విడివిడిగా రాసి ఇవ్వాలి. ఇచ్చాను. సరిగ్గా వచ్చింది. ఒక పూట సంతోషంగా ఉన్నాను.

ఆ సాయంత్రం పైన ఇంకో పేరాలో నాలుగు పంక్తులు కలపాల్సొచ్చింది. దాంతో నాన్నగారి ఇరవై పంక్తుల నోటు 41వ పేజీలో పట్టక, సగం 42వ పేజీకి జారింది. అది మామూలే, పెద్ద నోట్లు అలా విరగడం రివాజే. కానీ దీపం సంగతి 42లోకి వెళ్ళింది, దాని మీది అమ్మ మాట మటుకు 41లోనే ఉండిపోయింది. ఎందుకంటే దాన్ని నేను కట్టింది పై పంక్తికి. ఆ పంక్తి 41లో ఉంది. దీపం ఎక్కడికి పోతే దానికెందుకు? పాఠకుడికి ముందు "కొంగు అడ్డం పెట్టుక్కూచున్నది ఆమే" అని కనిపిస్తుంది. ఏ దీపమో, ఎక్కడిదో, పేజీ తిప్పితే గానీ తెలియదు.

అమ్మ చూసి, "అడక్కముందే చెప్పినట్టుంది, అచ్చం మీ మేనత్తలాగ" అంది.

"పిన్నీ, పైనే పన్నెండు మంది అని దిద్దేస్తే గొడవే ఉండదు కదా" అన్నాడు అక్క కొడుకు. వాడి తప్పులేదు, లెక్కలవాడు. తప్పు లెక్క కనపడితే దిద్దేస్తాడు. నాకూ ఒక క్షణం అదే మేలనిపించింది. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఆయనకి గుర్తున్నది పదకొండే. ఆ రాత్రి ఆయన చూసింది ఆయన్ని చెప్పనీ. ఆమెని చూసింది నేను. పైన పన్నెండని వేస్తే, పదకొండు పేర్లూ ఒక ఆమే అవుతుంది. కింద ఉంటే ఆమె సంగతి ఆమెకే ఉంటుంది" అంది.

దాంతో వాడు చిట్కాలు మాని అసలు మందు తీశాడు. డేవిడ్ కస్ట్రుప్ అనే ఆయన ఇలాంటి అవస్థ కోసమే చేసిపెట్టిన అదనపు సరంజామా ఒకటుంది. దాని పేరు బిగ్‌ఫుట్. హిమాలయాల్లో మంచుమనిషికి అమెరికాలో ఉన్న చుట్టం పేరు అది. ఫుట్‌నోట్లకి ఆ పేరు పెట్టినవాడు సరసుడే అయి ఉండాలి. దీని పద్ధతి ఏమిటంటే, పేజీ అడుగున ఒకటే అర కాకుండా, ఎన్ని కావాలంటే అన్ని అరలు కట్టుకోవచ్చు. మొదటి అర నాన్నగారిది. దాని కింది అర అమ్మది. పై అరలోని మాట నుంచి కింది అరకి నోటు వెయ్యొచ్చు. పై నోటు విరిగి, సగం తరవాత పేజీకి పోతే, ఆ సగంలో ఉన్న గుర్తుతోపాటు దాని కింది నోటు కూడా వెంట వెళుతుంది. మూట లోపలి మూటని తడిమి చూసే మనిషి దొరికిందన్నమాట ఇన్నాళ్ళకి.

దీపం వెంట అమ్మ మాట 42వ పేజీకి వెళ్ళింది. హమ్మయ్య అనుకున్నాను.

ఇక మిగిలింది గుర్తులు. నాన్నగారికి అంకెలు ఉన్నాయి గనక, అమ్మకి క, ఖ అని అక్షరాలు పెట్టాను. మాట నెత్తిన చిన్న అక్షరం. ఇంగ్లీషులో అయితే చిన్న ఎ, బి వేస్తే ఎవరూ పొరబడరు కాబోలు. తెలుగులో "ఆరలేదు" పక్కన ఖ వేసేసరికి "ఆరలేదుఖ" అయి కూచుంది. అమ్మ పెన్సిలు తీసుకుని, "దుఃఖానికి విసర్గ ఏదే?" అని మధ్యలో రెండు సున్నలు చుట్టింది! అక్షరాల చుట్టూ బ్రాకెట్లు పెట్టి ఆ దుఃఖం తీర్చాను. అలాగే సన్నక్షరాల్లో పంక్తులు మరీ దగ్గరగా వచ్చి, పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడుల మీద కూచున్నాయి. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే ఎడం మన స్త్రీలకీ లక్ష్ములకీ చాలదు. ఎడం కాస్త పెంచితే సర్దుకుంది.

అంతా అయిందని చివరి ప్రూఫు అమ్మకిచ్చాను. చదివింది. బాగుందంది. కాగితం మడవబోయి, ఆగి, "దాని వెనక మీ నాన్న ఏదో రాశారే, అది వెయ్యలేదేం?" అంది.

"దేని వెనక?"

"ఆ కాగితం వెనకే. నువ్వు తిప్పి చూడలేదూ?"

నేను తిప్పి చూడలేదు. నాన్నగారు నోటుబుక్కులో కుడివైపు పేజీలోనే రాస్తారు, వెనక అంతా ఖాళీయే. లేచి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి చూశాను. అమ్మ పెన్సిలు మాట చివర, ఇన్నాళ్ళూ మరకే అనుకున్న ఒక చుక్క గుర్తు ఉంది. కాగితం తిప్పితే అదే గుర్తు. పక్కన బాల్‌పెన్నుతో, చెయ్యి వణికే రోజుల దస్తూరీ: "నిజమే. పన్నెండు. మా నాన్నగారు అందరినీ లెక్కపెట్టి పైకి ఎక్కించేటప్పటికి ఆమె ఇంకా రాలేదు. ఆ తరవాత నేను మళ్ళీ లెక్కపెట్టలేదు."

"నీకు చూపించారా?" అని అడిగాను.

"చూపించడమేమిటి, నోటుబుక్కు బల్లమీద తెరిచి పెట్టి వెళ్ళారు. వెనక పేజీ పైకి ఉండేట్టు" అంది అమ్మ.

ఎప్పుడు రాశారో అమ్మకి జ్ఞాపకం లేదు. రాశాక ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకున్నదీ లేదట.

మర్నాడు మూడో అర కట్టాను. బిగ్‌ఫుట్‌లో అదేం కష్టం కాదు, రెండు కట్టినవాళ్ళకి మూడోది ఒక్క పంక్తి ఆజ్ఞ. గుర్తు మాత్రం అక్షరమూ కాదు, అంకే కాదు. ఆయన వేసిన చుక్క గుర్తే. పేజీ వండి చూస్తే, 41వ పేజీ అప్పటికే పైన ఉప్పెనతోనూ, కింద పదకొండు మందితోనూ, వాళ్ళ కింద పన్నెండో మనిషితోనూ అంచుల దాకా నిండి ఉంది. మూడో అరకి అడుగున ఒక్క పంక్తికే జాగా దొరికింది. "నిజమే. పన్నెండు. మా నాన్నగారు అందరినీ" అనేవరకూ 41లో ఆగి, మిగతాది 42వ పేజీకి వెళ్ళిపోయింది.

పైన ఒక పేరా కుదిస్తే మొత్తం ఒకే పేజీలోకి వస్తుంది. ఏ పేరా కుదించాలా అని నేను పెన్సిలు పట్టుకుని చూస్తూంటే అమ్మ వచ్చి భుజం మీంచి చూసింది.

"అలాగే ఉండనీవే. ఒప్పుకున్నది ఈ పేజీలోనే ఉందిగా. కారణాలు తరవాత పేజీకి పోతే పోనీ" అంది.

ఫైలు అలాగే ప్రెస్సుకి పంపించాను.